కోటు అస్తరులో మందు

పద్దెనిమిది వందల యాభై ఏడు తిరుగుబాటులో తన ముత్తాత తండ్రి తొడుక్కున్న సిపాయి కోటును, మ్యూజియం వాళ్లు చూడవస్తున్నారని, నర్సప్ప జహీరాబాద్‌లో ఇస్త్రీ చేసే నాగరాణికి తెచ్చిచ్చాడు. ముడతలు తీస్తుంటే అస్తరులో ఏదో గట్టిగా తగిలింది. కుట్టు విప్పితే, కాగితపు పొట్లంలోంచి నల్లటి పొడి బల్లమీద రాలింది. తుపాకీ మందు. జానెడు దూరంలో ఇస్త్రీపెట్టె నిండా బొగ్గు నిప్పులు.

గుమ్మంలో కూర్చున్న నర్సప్ప బీడీకి అగ్గిపుల్ల తీశాడు.

"మామా, పుల్ల గీకకు" అంది నాగరాణి.

ఇస్త్రీపెట్టెను బయట పెట్టొచ్చి, బకెట్ నీళ్లు కోటుమీద కుమ్మరించింది. కోటు ఎర్రరంగు కరిగి నేలంతా పారింది.

"గిట్ల ఖరాబు చేస్తివేంది?" అన్నాడు నర్సప్ప.

ఆమె తడిసిన పొట్లం చూపించింది.

అతడు అగ్గిపెట్టెను వీధిలోకి విసిరేశాడు. "ఇన్నేండ్లు గీ కోటున్న సందూకను మా పొయ్యి పక్కకే పెట్టినం" అన్నాడు.