వెనక్కి లెక్కపెట్టే కెజియా

కెజియాకు పదిలోపు తీసివేతలన్నీ వచ్చు. కూడిక ఒక్కటీ రాదు. ఎనిమిదిలో ఐదు తీస్తే మూడంటుంది. బాగానే ఉంది. ఎనిమిదికి ఐదు కలిపితే? అదీ మూడే. రెండో తరగతికి పాఠాలు చెప్పే జయశీల మేడం పలకను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"శనివారం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే సోమవారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోవాలి నువ్వు," అంది.

అదే గదిలో అటుపక్క కూర్చునే ఒకటో తరగతిలో కెజియా తమ్ముడు జడ్సన్ ఉన్నాడు. వాడు అప్పుడే బల్ల మీద పక్కకు జరిగి, "రాక్కా, చోటుండాది," అని చెయ్యి ఊపాడు. కెజియా మొహం మిరపపండయింది.

ఆ వారానికి కెజియాను వినీలకు అప్పగించారు. వినీల పక్కనే ఉన్న హైస్కూల్లో తొమ్మిదో తరగతి. మధ్యాహ్నం పూట ఓ గంట, తలా ఒక చిన్నపిల్లను చదివించమని హరినాథ్ సార్ ఆ తరగతికి చెప్పి ఉన్నాడు. "ఊరికే చెప్పేయకండి. వస్తువులు ముందు పెట్టండి, ప్రశ్న అడగండి. పిల్లలే కనుక్కుంటారు," అని కూడా చెప్పాడు.

ఆ మాటకు వినీలకు ప్రాణం లేచొచ్చింది. తను హాజరు పలికితే ముందు బెంచీకి వినపడదు. తరగతిలో కూర్చుని ఉండగానే మూడుసార్లు ఆబ్సెంటు పడింది. నోరు విప్పకుండా చదువు చెప్పొచ్చంటే అంతకన్నా ఇంకేం కావాలి?

సోమవారం వరండాలో గవ్వలు పరిచింది. ఇటు ఎనిమిది, అటు ఐదు. "ఏం కనపడతా ఉంది?" అని గుసగుసగా అడిగింది.

"గవ్వలు," అంది కెజియా. ఒకటి తీసి వాసన చూసి, "ఇది కంపు కొడతాండాదక్కా," అంది. అంతలో ఆ కంపు కొట్టే గవ్వ లేచి నడిచింది. లోపల చిన్న పీత ఉంది. మిగతా గంటంతా వరండా కింద దాన్ని వెతకడంతో సరిపోయింది.

మంగళవారం చింతగింజలు పెడితే కెజియా వాటితో ముగ్గేసింది. ముగ్గు బాగుంది. కూడిక రాలేదు.

బుధవారం మాత్రం కెజియా వేళ్లు పట్టుకుని పైకి వినపడేలా లెక్కపెట్టింది. "ఎనిమిది... ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు! మూడక్కా!"

"వెనక్కెందుకు పోతావు?"

"లెక్కంటే అట్టనే గదా. మా తాత చెప్పినాడు."

సంగతి అప్పుడు తేలింది. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ కెజియా తాత క్రీస్తురాజు మనవరాలిని భుజం మీద ఎక్కించుకుని సముద్రం ఒడ్డుకు పోతాడు. ఒక చేతిలో ఫోను పెట్టుకుని, పది, తొమ్మిది, ఎనిమిది అని అనిపిస్తాడు. రెండేళ్ల వయసు నుంచీ ఆ పిల్లకు తెలిసిన లెక్క అదొక్కటే.

"మరి పది అయినాక ఏమొస్తుంది?" అంది వినీల.

"పదికి ముందా? ఏముంటదక్కా, అందరూ ఆకాశం దిక్కు చూస్తా నిలబడుంటారు."

ఇక ఈ రోజైనా కనుక్కుంటుందని వినీల గురువారం కూడా ఓపిగ్గా ఎదురుచూసింది. కెజియా కూడా వినీల మొహం చూస్తూ అంతే ఓపిగ్గా ఎదురుచూసింది.

ఆ సాయంత్రం నాట్ల నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న అమ్మ కామాక్షికి వినీల ఇదంతా చెప్పుకుంది.

"నేను మొదటిరోజు నాట్లకు పోయినప్పుడు నాకెవురూ చెప్పలా," అంది కామాక్షి. "నాటుకుంటా ముందుకు పోయినా. తిరిగి చూస్తే నాటిన నారంతా నా కాళ్ల కిందే నలిగుండాది. రేవతత్త గెనెం గట్టు మీంచి ఒకటే అరుపు, 'మే, వెనక్కి నడుస్తా నాటు!' అని. నేనే కనుక్కోవాలని ఆమె నోరు మూసుకోనుంటే ఆ మడి గతేంది?"

"సార్ చెప్పొద్దన్నాడమ్మా."

"సార్ వద్దన్నాడా, నీకు నోరు రాలేదా?"

వినీల దాహం లేకపోయినా లోపలికెళ్లి చెంబెడు నీళ్లు తాగింది.

శుక్రవారం గవ్వలూ గింజలూ ఏమీ తేలేదు. వరండాలో కెజియా ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

"ఏందక్కా, గొంతు నొప్పా?"

"కాదు. విను," అంది వినీల. "తీసేటప్పుడు వెనక్కి. కలిపేటప్పుడు ముందుకు. ఎనిమిది, తొమ్మిది, పది. పది తర్వాత పదకొండు, ఆ తర్వాత పన్నెండు. నేను చెప్తా, నువ్వు అను."

కెజియా కళ్లు పెద్దవయ్యాయి. "పది తర్వాత కూడా ఉంటాయా! ఈ మాట సోమవారమే చెప్పుండొచ్చు గదక్కా!"

"నువ్వే కనుక్కుంటావని..."

"నాకే తెలిసుంటే నువ్వెందుకు?"

వినీల మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇరవై దాకా చెప్పింది, అనిపించింది. తప్పుపోతే అక్కడే ఆపి సరిచేసి మళ్లీ అనిపించింది. ఎనిమిదీ ఐదూ పదమూడు. ఏడూ ఆరూ పదమూడు. కెజియా గొంతు గట్టిది. దాన్ని దాటాలంటే వినీల ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కాసేపటికి హైస్కూలు కిటికీలోంచి హరినాథ్ సార్ తల బయటికి వచ్చింది.

"ఎవరది, అంతగా అరుస్తున్నది?"

"వినీల, సార్," అంది కెజియా.

"ఏ వినీల?"

శనివారం జయశీల మేడం కెజియాను బల్ల దగ్గరికి పిలిచింది. వినీల గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏడూ ఆరూ?"

"పదమూడు."

"తొమ్మిదీ ఎనిమిదీ?"

కెజియా వేళ్లు ముడిచింది. పెదాలు కదిలాయి, ఈసారి ముందుకే. "పదిహేడు."

మేడం కళ్లు చిన్నవి చేసింది. "పదిహేడులో తొమ్మిది తీస్తే?"

పది దాటిన తీసివేత వినీల చెప్పనేలేదు. కెజియా మాత్రం వేళ్ల వైపు చూడను కూడా లేదు.

"ఎనిమిది."

"అంత తొందరగా ఎలా చెప్పావు?"

"తొమ్మిదీ ఎనిమిదీ కలిస్తేనే గదా మేడం పదిహేడయింది. తొమ్మిదిని పంపించేస్తే ఎనిమిదే గదా ఉండేది?"

"ఇది కూడా వినీల చెప్పిందా?"

కెజియా గుమ్మం వైపు కాస్త జాలిగా చూసింది. "లేదు మేడం. అక్క మర్చిపోయినట్టుండాది."

"చెప్పలేదు మేడం!" అంది వినీల. ఒకటో తరగతి వాళ్లు కూడా తలలు తిప్పి చూశారు.

మేడం నవ్వాపుకుంటూ సుద్దముక్క పెట్టెలో పడేసింది. "పోమ్మా, నీ చోట్లో కూర్చో."

కెజియా చోట్లో పక్కన కూర్చునే ప్రత్యూష సంచి ఉంది. దాన్ని తీసి కింద పెట్టి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి కూర్చుంది.

"మే, ప్రత్యూషా. పదిహేడు తర్వాత ఏంది?"

ప్రత్యూష పైకప్పు చూసింది, కిటికీ చూసింది. కెజియా అంతసేపు ఆగలేకపోయింది.

"పద్దెనిమిది. నేను చెప్తా, నువ్వు అను."