పెళ్లి కవరులో దొంగనోటు

ఇటలీలోని బారి ఊరి సంతలో దోనాతా జున్ను అమ్ముతుంది. పక్క దుకాణంలో ఆలివ్ కాయలు అమ్మే లుక్రేజియా ఆమె అన్న భార్య. వదిన దుకాణం ముందు జనాన్ని చూస్తే చాలు, దోనాతాకు కడుపు మండిపోయేది. ఇప్పుడు వదిన కూతురు మరీకాకు సముద్రం ఒడ్డున మూడు వందల మందితో పెళ్లి. దోనాతా తన కూతురి పెళ్లి నలభై మందితోనే సరిపెట్టుకుంది పాపం.

"మేనత్తవి. ముందు వరసలో నీకే కుర్చీ వేయిస్తున్నా దోనాతా."

"వేయించు వదినా. మీకేం, చెల్లుతుంది."

ఆ వారమే ఎవరో దోనాతాకు దొంగ యాభై యూరోల నోటు అంటగట్టారు. మందుల షాపాయన యంత్రంలో పెట్టి చూశాడు. "బ్యాంకులో అప్పగించెయ్యమ్మా, ఇది చెల్లదు" అన్నాడు. అప్పగిస్తే పైసా తిరిగి రాదు. దోనాతా దాచుకుంది. పెళ్లినాడు ఆ నోటునే కవరులో పెట్టింది. పేరు రాయకపోతే ఉత్త చేతులతో వచ్చిందంటారని పైన తన పేరు కూడా రాసింది.

నాలుగో రోజు మరీకా పరుపుల కొట్లో ఆ నోటిచ్చింది. కొట్టువాడు పోలీసులను పిలిచాడు. కబురు విన్న దోనాతా, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఒక్క నిమిషం సంతోషించింది. అంతలో స్టేషన్‌కు రమ్మని ఆమెకే పిలుపొచ్చింది.

అక్కడ కొత్త పెళ్లికూతురు రెండు గంటలుగా ఏడుస్తోంది. పక్కన అత్తగారు మొహం తిప్పుకుని కూర్చుంది. లుక్రేజియా కూతురి వెనక నిలబడి ఉంది.

"మిగతావాళ్లంతా వంద నోట్లే పెట్టారత్తా. యాభై నోటు నీ కవరులోనే ఉంది" అంది మరీకా.

"నాకూ ఎవరో అంటగట్టిందే కదయ్యా. నేనేమన్నా అచ్చు వేశానా?" అంది దోనాతా, పోలీసు అధికారి వైపు తిరిగి.

"దొంగదని మీకు ముందే తెలుసా?"

"మందుల షాపాయన చెప్పాడు" అంది దోనాతా.

"తెలియక తీసుకున్నప్పుడు మీరు మోసపోయారు. తెలిసి ఇంకొకరికి ఇచ్చాక మోసం మీదే. ఆరు నెలల దాకా జైలు, లేదంటే జరిమానా. కేసు రాయక తప్పదు" అన్నాడాయన నెమ్మదిగా.

"నా మీద కోపముంటే నన్ననాల్సింది. పిల్లేం చేసింది నిన్ను?" అంది లుక్రేజియా.

దోనాతా వదిన వైపు తిరిగింది.

"యాభై యూరోలు పోయినందుకు నేను నేరస్థురాలిని కాలేదు వదినా. నీ మీద ఏడుపుతో, తెలిసి తెలిసి ఆ నోటు నీ పిల్ల చేతిలో పెట్టినందుకు అయ్యాను."