అద్దె నోరు

ఆ పెద్దాసుపత్రిలో దుబాసీ అంటే తెలియనివాళ్ళు లేరు. పని వెతుక్కుంటూ నాలుగు దిక్కుల నుంచీ జనం వచ్చి పడ్డ నగరం అది. రోగి మాట డాక్టరుకు రాదు, డాక్టరు మాట రోగికి తెలియదు. ఇద్దరి మధ్యా మెడలో బిళ్ళ వేసుకుని నిలబడి, కడుపునొప్పిని ఇటూ మందుల వేళల్ని అటూ చేరవేసే మనిషి అతను. అరడజను భాషలు వచ్చు, వాటిలో దేనిలోనూ సొంతానికి పట్టుమని పది మాటలు మాట్లాడడు. అందుకే వాళ్ళక్క అతనికి ‘అద్దె నోరు’ అని పేరు పెట్టింది.

"ఊళ్ళోవాళ్ళందరికీ అద్దెకిస్తావు, ఇంటికొచ్చేసరికి తాళం వేస్తావు. ఏం నోరురా అది?" అనేది.

ఆవిడ నోటికి మాత్రం తాళం పడింది ఎవరూ చూడలేదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు ఎంత ఊగినా కడ్డీ పట్టుకోకుండా నిలబడేది. ఆ గొంతుకి జడిసి, చిల్లర లేదని బుకాయించినవాళ్ళు కూడా ఏ జేబులోంచో తీసి ఇచ్చేవారట. తల్లి పోయిననాటి నుంచి తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది, చదివించింది, పెళ్ళి చేసుకోరా అని పోరి పోరి చివరికి విసుగొచ్చి వదిలేసింది. అతనికి తల్లీ తండ్రీ తగువు పెట్టుకునే మనిషీ అన్నీ అక్కే.

అలాంటి మనిషి ఒకనాటి పొద్దున వంటగదిలో కూలబడింది. మెదడులో రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. నోట్లో ఉన్న మాటలన్నీ కొట్టుకుపోయి ఒక్కటే మిగిలింది. ‘మా.’ ఆకలేసినా అదే, దిండు జారినా అదే, కొడుకు వచ్చినా అదే.

లారీ నడుపుకునే కొడుకు మంచం పక్కన కూర్చుని ఆ ముక్కకి తోక అతికించాలని తెగ తంటాలు పడేవాడు. "మా... మా ఇంటికా అమ్మా? మా వాళ్ళేరీ అంటున్నావా? మామిడిపండా?" ఆవిడ అన్నిటికీ తల ఊపేది. నువ్వు మనిషివా అన్నా ఊపేది, నువ్వు బస్సువా అన్నా ఊపేది. దాంతో ఆ తల ఊపుడుకీ విలువ లేకుండా పోయింది.

వార్డులో పనిచేసేవాళ్ళు మాత్రం ఏ తంటాలూ పడలేదు. వాళ్ళకి ఎవరి అర్థం వాళ్ళకి సిద్ధంగా ఉంది. నర్సు భాషలో ఆ ముక్కకి అమ్మ అని అర్థం. ముసలావిడ తల్లిని తలుచుకుంటోందని ఆ పిల్ల కళ్ళు తుడుచుకునేది. పక్క మంచం అవ్వ భాషలో ఇవాళ అని. "ఇవాళ కాదులే తల్లీ, ఇంకా కొన్నాళ్ళు పడుతుంది ఇంటికెళ్ళడానికి" అని ఓదార్చేది. స్ట్రెచర్ తోసే అతని భాషలో దయ్యం అని. అతను ఆ మంచం దగ్గరికి వస్తే ఆవిడ చూసే వైపు చూడకుండా పనిచూసుకుని పోయేవాడు. నేల ఊడ్చే ఆవిడ భాషలో రమ్మని. అక్క నోరు తెరవడం పాపం, ఆవిడ చీపురు గోడకి ఆనించి "వస్తున్నా, వస్తున్నా" అంటూ వచ్చి చెయ్యి పట్టుకునేది. రోజుకి ఎన్నిసార్లు పిలిచినా విసుక్కునేది కాదు.

ఇవన్నీ తెలిసినవాడు వార్డు మొత్తానికి దుబాసీ ఒక్కడే. మరో రోజైతే నవ్వుకునేవాడే. ఇప్పుడు ఒళ్ళు మండేది. "దానికేం అర్థం లేదు. మాటలన్నీ పోతే నోటికి మిగిలిన చప్పుడు అది, అంతే" అని అందరికీ వాళ్ళవాళ్ళ భాషలో చెప్పాడు. మాటల డాక్టరు అతనికి చెప్పిందీ అదే. మనం అనేది ఆవిడకి ఇంటి భాషలో అయితే చాలావరకు తెలుస్తోంది, తిరిగి చెప్పడానికే దారి లేదు అంది. అతను చెప్పింది అందరూ బుద్ధిగా విన్నారు. మర్నాడు ఊడ్చే ఆవిడ మళ్ళీ "వస్తున్నా" అంటూ వచ్చింది.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. చచ్చుబడిన కుడి పాదం నల్లబడసాగింది. చక్కెర జబ్బు ఒంట్లో ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు కాలికి రక్తం అందడం మానేసింది. మోకాలి పైదాకా తీసెయ్యాలి, లేదంటే ఆ విషం ఒళ్ళంతా పాకి మనిషే పోతుంది అన్నాడు పెద్ద డాక్టరు. తీసేస్తే ఎన్నాళ్ళు బతుకుతుందో మాత్రం చెప్పలేనన్నాడు.

ఆ మాట విన్నప్పుడు దుబాసీకి బావ గుర్తొచ్చాడు. బావకీ ఇదే జబ్బు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలు, తర్వాత రెండో వైపు మొదలుపెట్టారు. డ్యూటీ దిగి వచ్చి ఆ కట్లన్నీ మార్చింది అక్కే. బావ పోయాక ఒకరోజు, పెరట్లో బట్టలు ఆరేస్తూ, ఏడవకుండా చెప్పింది.

"మీ బావని వాయిదాల్లో పూడ్చిపెట్టానురా. నాకా గతి పట్టనివ్వకు. పోయేదాన్ని ఒకేసారి పోనీ. నా కొడుకు పిరికి సన్నాసి, వాడికి చెప్తే ఇప్పట్నుంచే ఏడుస్తాడు. నువ్వు మాటియ్యి."

"అలాగేలే."

"అలా కాదు. అద్దె నోటితో కాదు, సొంత నోటితో చెప్పు."

"మాటిచ్చానక్కా. ముక్కలు చెయ్యనివ్వను" అన్నాడు. ఆవిడ ఒక లుంగీ దులిపి, తడి అంతా అతని మొహాన పడేలా ఆరేసి, నవ్వింది.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. తెలివిలో ఉన్న రోగిని అడగకుండా కాళ్ళూ చేతులూ తియ్యరు. అడిగేటప్పుడు చుట్టాలెవరూ గదిలో ఉండకూడదు, వాళ్ళ మొహాలు చూసి రోగి మాట మార్చేస్తారని. దుబాసీలకీ ఒక పద్ధతి ఉంది. ఉన్నది చెప్పాలి, లేనిది కలపకూడదు, తెలియకపోతే తెలియలేదని ఒప్పుకోవాలి. సొంతవాళ్ళకి అసలా పనే చెయ్యకూడదు. ఇంకెవరినైనా పిలిపించనా అని పెద్ద డాక్టరు అడిగాడు కూడా. అక్క ఇంటి భాష వచ్చిన ఇంకో దుబాసీ సెలవులో ఉన్నాడు, కబురు పెడితే రేపో ఎల్లుండో వచ్చేవాడు.

"అక్కర్లేదండీ. నేను చెప్తాను. ఈ పనిలో తల నెరిసింది" అన్నాడు దుబాసీ.

మేనల్లుడు బయటికి వెళ్తూ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "మావయ్యా, అమ్మని ఎలాగోలా ఒప్పించు. అమ్మ లేకపోతే నాకు చేతకాదు" అన్నాడు. గడ్డం నెరుస్తున్న మనిషి, లారీలో వారాల తరబడి ఒక్కడే తిరిగేవాడు, తలుపు దగ్గర నిలబడి పసివాడిలా ముక్కు ఎగబీల్చాడు. కొడుకు చుట్టం కాబట్టి బయటికి పోయాడు. మెడలో బిళ్ళ ఉంది కాబట్టి తమ్ముడు లోపల ఉండిపోయాడు.

దుబాసీ మంచం మీదికి వంగాడు. "అక్కా, నీ కుడి కాలు పాడైపోయింది. మోకాలి పైకి తీసేస్తామంటున్నారు. తీసేస్తే బతుకుతావు, ఎన్నాళ్ళో తెలీదు. తియ్యకపోతే ఎక్కువ రోజులుండవు. ఏం చెయ్యమంటావు?"

ఇది మాత్రం ఉన్నదున్నట్టు అడిగాడు, పాపం.

అక్క తల ఊపలేదు. అన్నాళ్ళలో మొదటిసారి ఆ తల కదలకుండా నిలిచింది. అతని కళ్ళలోకే చూస్తూ అంది.

"మా."

ఆ గొంతు అతను ఎరుగును. చిన్నప్పుడు బస్సులొచ్చే రోడ్డు మీదికి పరుగెత్తబోతే చొక్కా పట్టి వెనక్కి లాగేటప్పటి గొంతు అది. వద్దురా అనే గొంతు. కొడుక్కి ఆ గొంతు తెలియదు, వాడు పుట్టేసరికే ఆవిడ కొంత మెత్తబడింది. లోకంలో ఆ గొంతు తెలిసినవాడు తమ్ముడొక్కడే. అర్థం లేదని అతను పదిమందికీ చాటింపు వేసిన ఆ ముక్కకి ఆ క్షణాన నూటికి నూరుపాళ్ళూ అర్థం ఉంది. అది చాలదన్నట్టు ఆవిడ బాగున్న ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, రెండు వేళ్ళు అతని పెదవుల మీద ఆనించింది. సొంత నోటితో చెప్పు.

"ఏమంటోంది?" అన్నాడు పెద్ద డాక్టరు.

వద్దంటోందని చెప్పొచ్చు. కనీసం తెలియడం లేదని చెప్పి తప్పించుకోవచ్చు. చెబితే రేపు ఈ మంచం ఖాళీ అవుతుంది. తనని ‘ఒరేయ్’ అనే మనిషి భూమ్మీద ఉండదు. ఇంటికెళ్తే తాళం తనే తీసుకోవాలి, తనే వేసుకోవాలి. అతనికి భయమేసింది. చెప్పుకోదగ్గ కారణం ఇంకేమీ లేదు, ఉత్త భయం.

"సరేనంటోందండీ" అన్నాడు. నగరం భాషలో, రోజూ చెప్పే గొంతుతోనే, తొణక్కుండా చెప్పాడు. చెప్పి ఊరుకోక, "బతకాలని ఉందట" అని కలిపాడు. కంచే చేను మేసింది.

అక్క వేళ్ళు అతని పెదవుల మీద నుంచి జారి దుప్పటి మీద పడ్డాయి. నగరం భాష ఆవిడకి పూర్తిగా పోయిందనే అందరూ అనుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆ భాషలో టిక్కెట్లు కోసిన మనిషికి, ‘సరే’ అన్న ఒక్క మాటా తెలియకుండా పోయిందో లేదో ఎవరికి తెలుసు?

కాలు తీశారు. బతికింది. మేనల్లుడు రెండు చేతులూ పట్టుకుని, "నువ్వుండబట్టి అమ్మ మనసులో మాట తెలిసింది మావయ్యా, నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. దుబాసీకి ఆ పూట అన్నం సహించలేదు. అయినా మంచిపనే చేశానని తనకి తను సర్దిచెప్పుకున్నాడు. మనిషి కళ్ళెదుట ఉంది కదా, అది చాలదా?

అక్క కళ్ళెదుటే ఉంది. కానీ అతను వెళ్ళినప్పుడల్లా నోరు మూసుకునే ఉంది. మొదట నీరసమనుకున్నాడు. తర్వాత మందుల మత్తనుకున్నాడు. జుట్టు దువ్వాడు, గంజి తాగించాడు, బస్సులో ఆవిడ పోట్లాడిన పాత కథలన్నీ తనే ఏకరువు పెట్టాడు. ఇంట్లో ఏనాడూ మాట్లాడని మనిషి గంటల తరబడి వాగాడు. ఆవిడ గంజి తాగింది, తల దువ్వించుకుంది, పైకప్పు చూస్తూ పడుకుంది.

ఒకరోజు ఊడ్చే ఆవిడ తన భాషలో అతన్ని అడిగింది. "నువ్వొస్తే చాలు, మూగదైపోతుందేం? ఇప్పటిదాకా పిలుస్తూనే ఉందే."

అతను తెర అవతల నిలబడి విన్నాడు. నిజమే. నర్సుతో మా అంటోంది, పక్క మంచం అవ్వతో అంటోంది, దయ్యమని దడుచుకునే స్ట్రెచర్ మనిషిని సైతం వదలడం లేదు. తెర తీసుకుని అతను లోపలికి అడుగుపెట్టగానే ఆ పెదవులు గట్టిగా బిగుసుకున్నాయి. ఉన్నది ఒక్కటే మాట. అది తమ్ముడికి తప్ప అందరికీ ఇస్తోంది.

అలా వానలు వెళ్ళి చలి వచ్చింది. ఆ చలిలో ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడింది.

పెద్ద డాక్టరు వచ్చి చూసి నిట్టూర్చాడు. "ఈసారి వేలితో సరిపోవచ్చు. పోకపోవచ్చు కూడా. అడగాలి" అని మేనల్లుణ్ణి బయట ఉండమన్నాడు.

"వాణ్ణి ఉండనివ్వండి" అన్నాడు దుబాసీ.

డాక్టరు అతని మొహం చూసి కాదనలేదు. దుబాసీ మంచం మీదికి వంగి ఉన్నదున్నట్టు అడిగాడు. అక్క అతని కళ్ళలోకి చూసింది. పెదవులు కదలలేదు. అతను ఆగాడు. చాలాసేపు ఆగాడు. వద్దన్న ఆ గొంతు ఇంకొక్కసారి వింటే చాలు, ఈసారి ప్రాణం పోయినా ఉన్నదే చెబుదామని ఆశపడ్డాడు. ఆ అవకాశం ఆవిడ ఇవ్వలేదు.

"ఏమంటోంది?"

"ఏమీ అనలేదండీ." ఆ మాట అక్షరాలా నిజం. తర్వాత అతను మెడలోని బిళ్ళ తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాడు. "ఇక దుబాసీగా చెప్పడం లేదు, తమ్ముడిగా చెప్తున్నాను. ఈవిడకి ఇష్టం లేదు. అప్పుడూ వద్దనే అంది. నాకు స్పష్టంగా తెలిసింది. నేనే మార్చి చెప్పాను. మా బావ పోయాక నాతో ఒట్టు కూడా వేయించుకుంది, ముక్కలు చెయ్యనివ్వనని."

పెద్ద డాక్టరు బిళ్ళని తీసి జేబులో వేసుకున్నాడు.

"బతకాలని ఉందన్నావు మావయ్యా" అన్నాడు మేనల్లుడు.

"అన్నాను."

"అమ్మ అనలేదా?"

"లేదురా. అది నా మాట."

మేనల్లుడు తల్లి కాలు లేనిచోట పల్లంగా ఉన్న దుప్పటి వంక చూశాడు. "ఇన్నాళ్ళూ ఈ మంచం మీద... వద్దన్నాక..." అని ఆగిపోయాడు. దుప్పటి అంచు సర్ది, "నువ్విక రాకు" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండునని దుబాసీకి అనిపించింది.

దుబాసీ అక్క వైపు తిరిగాడు. ఏం ఆశించాడో అతనికే తెలియదు. ఆ పెదవులు అలాగే ఉన్నాయి. కళ్ళలో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. అతను తెర తొలగించుకుని బయటికి వచ్చాడు. వరండాలో ఊడ్చే ఆవిడ అతనికి దారి ఇవ్వడానికి పక్కకి జరిగింది.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనక తెర చాటు నుంచి వినబడింది.

"మా."

అతను ఆగిపోయాడు. ఈసారి వద్దన్న గొంతు కాదది. ఏ గొంతో పోల్చుకోలేకపోయాడు. ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి, "వస్తున్నా, వస్తున్నా" అంటూ అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది.

మా అంటే రమ్మని అర్థమున్న ఆ భాష అతనికీ వచ్చు. అయినా అతను వెళ్ళలేదు.