ఇంగ్లీషు మీద గెలుపు

రెండుసార్లు తప్పిన ఇంగ్లీషును ఈసారైనా గట్టెక్కాలని వ్యాసాలన్నీ మరాఠీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాను. చంద్రపూర్‌లో మా బీఏ పిల్లలందరిదీ అదే చదువు. అర్థం దేవుడెరుగు, పాసు మార్కులు వస్తే చాలు. నాకైతే అవి మరీ కావాలి. పాసైతే బీఎడ్‌కు పంపుతానని, లేకుంటే అమ్మతోపాటు బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పాత కాగితాలు ఏరే పనికి పోవాల్సిందేనని నాన్న తేల్చి చెప్పాడు. బొగ్గు గనిలో ఒళ్ళు హూనమైన మనిషి, ఆయన్ను తప్పు పట్టలేను.

పరీక్ష రోజు విద్యార్థి నాయకుడు ప్రశాంత్ కాలేజీ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. వాళ్ళ నాన్నకు సిమెంటు లారీలున్నాయి.

"ఇంట్ల తెలుగు, బజార్ల హిందీ, కాలేజీల మరాఠీ. ఫారిన్ కంపెనీలు వస్తున్నయని ఫారిన్ భాష గూడ మన నెత్తిన రుద్దుతరా? ఎవ్వరూ లోపలికి పోవద్దు!"

మాట నిజమే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అయినా నాకు రాయాలని ఉంది.

"అన్నా, నన్నొక్కదాన్ని పోనియ్యి. నాకిదే ఆఖరు."

"నువ్వు పోతే అందరి ఇజ్జత్ పోతది, మాధవీ."

వెనక నుంచి ఎవరో "గద్దార్" అన్నారు. ద్రోహి అనిపించుకుని లోపలికి పోలేకపోయాను. గంట కొట్టి గేటు మూశారు. ఇంట్లో మాత్రం రాశాననే చెప్పాను.

నెల తిరక్కుండానే విశ్వవిద్యాలయం దిగొచ్చింది. ఇంగ్లీషు ఇక తప్పనిసరి కాదట, కొత్తగా చేరేవాళ్ళకు. మేం మాత్రం మళ్ళీ రాయాల్సిందే. కాలేజీ గేటు దగ్గర ఈ ముక్క ప్రశాంత్ నోట అన్నిటికంటే చివర, నింపాదిగా వచ్చింది. అప్పటికే గెలిచామని ఊరేగింపు బ్యాండు మొదలైంది. ఎవరో నా మొహం నిండా గులాల్ రంగు పూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరి గెలుపురా ఇది?" అని అరిచాను. ఆ మోతలో ఎవరికి వినబడుతుంది!

మా గని కాలనీలో పరీక్ష పాసైన పిల్లలకు గులాల్ పూస్తారు. ఆ సంగతి మా గల్లీలోకి వచ్చేదాకా నాకు తట్టలేదు. గడపలో కూర్చున్న నాన్న నన్ను చూసి దిగ్గున లేచాడు.

"సమ్మక్క తల్లీ, నా బిడ్డ పాసైంది!"

నేను నోరు తెరిచేలోగా పక్కింటికి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మ చక్కెర డబ్బా తెచ్చింది. ఇంటింటికీ పంచి వచ్చి, నాన్న నా నోట్లో కూడా ఇంత పెట్టబోయాడు.

"నాయినా, నేను పరీక్షనే రాయలే."

ఆయన చెయ్యి ఆగింది. గల్లీ అంతా వింటోంది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ చక్కెర మళ్ళీ డబ్బాలో వేసి, అమ్మ వైపు తిరిగాడు.

"రేపు దీన్ని గూడ పనికి తోల్కపో."