మాట వినని మచ్చ

మిస్నాతి ఆ మచ్చను పదకొండోసారి చెరిపింది.

ముఖమంతా కుదిరింది. కనుబొమల్లో తెల్లవెంట్రుకలు, పెదవి పగుళ్లు, కంటిపాపలో ప్రతిబింబంగా చిన్నగా మెరిసే ఉప్పుమడి గట్టు కూడా పెన్సిలుకు లొంగాయి. ఎడమ ముక్కుపుటం పక్కన కందిగింజంత చోటు మాత్రం లొంగలేదు. అక్కడెలా గీసినా చర్మంలా కనబడడం లేదు. మైనం ముక్కేదో తెచ్చి అతికించినట్టుంది.

సముద్రతీరాన ఉన్న సుమెనెప్ పట్టణంలో మిస్నాతి పెన్సిలు బొమ్మల సంగతి తెలియనివాళ్లు తక్కువ. చూసినవాళ్లు ముందు ఫోటో అనుకుంటారు. కాదంటే నమ్మక వేలితో తడమబోతారు. "చెయ్యి తియ్యండి, అలుక్కుపోతుంది!" అని ఆమె కేకేస్తుంది. సురబయ నగరంలో జరిగే పెద్ద చిత్ర ప్రదర్శనకు ఈ ఏడే ఆమెకు మొదటిసారి పిలుపొచ్చింది. దగ్గర్లోని కాలియాంగెత్ ఉప్పుమళ్లలో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న మత్రావి అనే పెద్దాయన ముఖాన్ని ఎంచుకుని ఐదు నెలలుగా గీస్తోంది. బొమ్మ సురబయకు చేరడానికి ఇంకా తొమ్మిది రోజులే గడువు.

తప్పు తన చేతిదే అనుకుంది. పెన్సిలు మార్చింది. ములుకు సూదిలా చెక్కింది. అన్నం ముందు కూర్చుని కూడా గాల్లో వేలితో ఆ మచ్చే గీసింది. చివరికి తప్పు తాను చూసి గీసే ఫోటోదేమోనని పాతవి తీసి, మార్చిలోదీ ఆగస్టులోదీ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి పెద్దవి చేసింది. మార్చిలో మచ్చ ఆవగింజంత ఉంది. ఆగస్టుకు కందిగింజంత అయింది. అంచు గట్టుకట్టి ముత్యంలా మెరుస్తోంది. ఆ మెరుపు మీద వెంట్రుకకన్నా సన్నటి ఎర్రగీతలు. నడుమ చెక్కు కట్టిన పుండు.

ఆమె కంప్యూటరు ఆపకుండానే లేచింది. బండి తీసి ఉప్పుమళ్లకు పోయింది.

మత్రావి చెక్క దంతెతో ఉప్పు లాగుతున్నాడు.

"బాబాయ్, ముక్కు పక్కన అదేంటి?"

"ఉప్పు పొక్కు. గడ్డం గీసుకుంటే రక్తమొస్తది. చెక్కు కడతది. మళ్లీ ఊడతది."

"ఎన్నాళ్లనుంచి?"

"రంజాన్‌కి ముందునుంచే."

"ఇన్ని నెలలు మానని పొక్కుంటుందా? ఆసుపత్రిలో చూపించుకో."

మత్రావి దంతె ఆపాడు. "నీ బొమ్మ కుదరకపోతే నా ముక్కు కోయించుకోవాలా? బాగుందే! రేపు చెవి కుదరదంటావు, అదీ కోసిమ్మంటావు."

పక్క మళ్లవాళ్లు పకపక నవ్వారు.

"నవ్వులాట కాదు. వెలుతురు పడితే చర్మంలోకి ఇంకుతుంది బాబాయ్. అక్కడ ఇంకడం లేదు, జారిపోతోంది."

"ఇంకడం, ఎండడం నాకు చెప్పకమ్మాయ్. నా బతుకంతా అదే పని. ఎండలున్నన్నాళ్లే మాకు ఉప్పు. వానలు పడ్డాక చూద్దాంలే."

అటునుంచి మత్రావి ఇంటికి పోయి అతని కూతురు హోస్నియాకు చెప్పింది. హోస్నియా ఫోనులో ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "మామూలు మచ్చలాగే ఉందక్కా. అయినా నేను చెబితే వింటాడా? నిరుడు పన్ను పీకించుకోమంటే నెల్రోజులు నాతో మాట్లాడలేదు."

ఇంటికొచ్చాక మిస్నాతి కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. తానేమైనా డాక్టరా? అది ఒట్టి పొక్కే అయితే? బొమ్మ చేతకాక పెద్దాయన ముక్కుకు వంక పెట్టిందని ఊరంతా నవ్వదూ? కాకపోతే మరి? వాకిట్లోకి పోయి వచ్చింది. మళ్లీ పోయింది. ప్రదర్శనకు పోవాల్సిన బొమ్మను తీసి గోడకు ఆనించింది. కొత్త కాగితం పరిచింది. ఆ మచ్చ ఒక్కదాన్నే పళ్లెమంత చేసి గీయడం మొదలుపెట్టింది.

మూడు రోజులు పట్టింది. ఈసారి దాన్ని చర్మంలా చూపించాలని తంటాలు పడలేదు. ఎలా ఉందో అలాగే గీసింది. గట్టు గట్టులాగే, గీతలు గీతల్లాగే, పుండు పుండులాగే. పూర్తయ్యేసరికి దాన్ని చూస్తే ఆమెకే ఒళ్లు జలదరించింది.

మధ్యాహ్నం మత్రావి ఇంట్లో మొక్కజొన్న అన్నం తింటుంటే ఆ కాగితం అతని ముందు పెట్టింది.

"ఇదేంటి, చెరువు గట్టా?"

"నీ ముక్కు పక్కన పొక్కు."

అతని నోట్లో ముద్ద ఆగిపోయింది. హోస్నియా వచ్చి తండ్రి భుజం మీంచి చూసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మత్రావి ఎడంచేతి వేలితో ముక్కు పక్కన తడుముకున్నాడు. వేలు చూసుకున్నాడు. మళ్లీ కాగితం చూశాడు.

"ఎన్ని రోజులు గీశావు?"

"మూడు."

"సురబయకు పంపాల్సింది?"

"అది అలాగే ఉంది."

"పిచ్చిదానా! నలభై ఏళ్ల ఉప్పు ముఖంలో చుక్కంత చోటుకోసం మూడు రోజులు ఎవరైనా పాడుచేసుకుంటారా?" అని కసిరాడు. చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా పోయాడు. అక్కడినుంచే లోపలికి తిరిగి, "హోస్నియా, రేపు పొద్దున్నే పోదాం. ఆ కాగితం కూడా పట్టుకురా. నాకు చెప్పడం రాదు," అన్నాడు.

ఊరి ఆసుపత్రి డాక్టరమ్మ కాగితం చూసి, ముక్కు చూసి, పెద్దాసుపత్రికి రాసింది. అక్కడ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరని తేలింది. నిదానంగా పెరిగే రకమేగానీ, వదిలేస్తే ముక్కునంతా తినేస్తుందన్నారు. ముక్కుపుటంలో కొంత కోసి, చెవి వెనక చర్మం తెచ్చి అతికించారు. ఈ హడావుడిలో మిస్నాతి బొమ్మ ముట్టలేదు, సురబయ గడువు దాటిపోయింది.

కట్టు విప్పాక మత్రావి మిస్నాతి ఇంటికొచ్చాడు. గోడకు ఆనించిన తన ముఖాన్ని, ముక్కు పక్కన ఖాళీగా మిగిలిన చోటును చూశాడు.

"ఇప్పుడేం చేస్తావు? ఆ ముక్కు లేదుగా."

"ఉన్నప్పటి ముఖంగానే పూర్తి చేస్తాను బాబాయ్."

"చేసుకో. నా ఇంటికి మాత్రం తేకు. ఆ పొక్కుతో కాపురం చేసింది చాలు."

ఆ సాయంత్రమే ఆమె ఆ ఖాళీని పూర్తి చేసింది. చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. బొమ్మ వచ్చే ఏడు ప్రదర్శనకు పోయేలా పేరు నమోదు చేయించింది.

బొమ్మ తెమిలింది, మిస్నాతి కళ్లు మాత్రం కుదుటపడలేదు. బస్సులో ముందు సీటువాడి మెడ, బడిపంతులు నుదురు, తన మోచెయ్యి, అన్నింటి మీదా మచ్చలే వెతుకుతున్నాయి. నిన్న సంతలో మాకెరెల్ చేపలు తూచే ఆవిడ చెంప మీద చిన్న మెరుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏంటమ్మా అలా చూస్తావు? చేపలు అక్కడున్నాయి," అందావిడ.

మిస్నాతి సంచి కింద పెట్టింది.

"పెద్దమ్మా, కాస్త ఇటు ఎండలోకి తిరుగు."