ఇరవై పెట్టెలు, నలభై పాళ్లు

ఎండ నడినెత్తికెక్కినా జువ్వలదిన్నె రేవులో ఒక్క పడవా కదల్లేదు. వలలు లాగే చేతులు జ్వరంతో చాపల మీద పడున్నాయి. ఇసకలో తెల్ల వ్యాను ఆపి సేవాసంస్థ వాళ్లు బ్యానరు కడుతున్నారు. కామాక్షయ్య చూస్తున్నాడు. ఊళ్లో చేపల పాళ్లు పంచే పెద్ద ఆయనే.

పోయిన నెలా ఇదే వ్యాను వచ్చింది. విదేశం వాళ్ల దానమని ఇరవై మందు పెట్టెలు తెచ్చింది. పెట్టెకు పద్నాలుగు బిళ్లలు. కావలి అంగట్లో ఆ పెట్టె మూడువేల రెండొందలు. పడవ మీద వారమంతా చచ్చినా చేతికి రాని డబ్బు. రోగులు నలభై మంది. ఫోటోలు తీసుకున్నారు, పెట్టెలు కామాక్షయ్య చేతిలో పెట్టి పోయారు. పెట్టె మీద రాత ఇంగ్లీషు. ఎట్లా మింగాలో చెప్పిన నోరు లేదు. వేటకు రాలేని రోగికి కూడా చేపల్లో పాలు తీసిపెట్టే చెయ్యి కామాక్షయ్యది. తలా ఏడు బిళ్లలు పంచేసింది. నలభై మందికీ జ్వరం దిగింది. వారం తిరక్కుండా నలభై మందికీ తిరగబెట్టింది. మస్తానమ్మ మొగుడు పోయాడు.

"మనిషికి పెట్టె పూర్తిగా మింగాలయ్యా. చేపలనుకున్నావా పంచేదానికి?" అన్నాడు సంస్థ మనిషి సుకుమార్, కాగితం చాపుతూ. "సరేలే. పోయినసారి ఇరవై మందికి నయమైందని ఈడ వేలిముద్ర వెయ్. ఈ ఇరవై పెట్టెలూ దించేస్తా."

"నయమైంది ఎవురికి సార్?" అన్నాడు కామాక్షయ్య.

"పైవాళ్లకు లెక్క చూపియ్యాల. లేకుంటే మందే రాదు."

"నా మొగుణ్ణి కూడా ఆ ఇరవైలో రాసుకున్నావా నాయనా?" అంది మస్తానమ్మ. "ఫోటోలో బాగానే నవ్వినాడులే."

సుకుమార్ గొంతు తగ్గించాడు. "నీ మనవరాలికీ కొత్తగా జ్వరమంట గదా పెద్దాయనా. ముందు నువ్వొకటి తీసుకో."

చేతిలో పెట్టిన పెట్టెను కామాక్షయ్య చూశాడు. వెన్నెలకు ఆరేళ్లు. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు దిగలేదు. అయినా పెట్టెను బండి ముందు భాగం మీద పెట్టేశాడు.

"నయమైందని ముద్రేస్తే, ఇంక నలభై పెట్టెలు ఎవుడు పంపిస్తాడు? ముప్పైతొమ్మిది మంది పడుండారు, ఒకడు పొయినాడు అని రాయి. అప్పుడేస్తా."

"అట్లా రాస్తే నా ఉద్యోగం..."

"చేపలు పంచినా సార్. చావులు పంచడం నాకు రాదు."

కామాక్షయ్య వ్యాను ముందు చక్రానికి ఆనుకుని ఇసకలో కూర్చున్నాడు. మస్తానమ్మ పక్కన కూలబడింది. వెనక చాపల మీదివాళ్లు గోడలు పట్టుకుని ఒక్కొక్కరే వస్తున్నారు.

డ్రైవరు హారను కొట్టాడు. అది ఆగాక, ఇంట్లోంచి వెన్నెల "తాతా" అంది.

కామాక్షయ్య బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు.