ఎవరికీ ఉపయోగం లేని జాగా

చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది నూకరత్నం. వీధిలో డప్పు మోగింది. పంచాయతీ బోర్డు బంట్రోతు దాసు డప్పు కొట్టాడంటే పిల్లలు తప్ప ఎవరూ బయటికి రారు. కుక్కల పన్నో, కలరా సూదులో, ఏదో ఒకటి చెబుతాడు, పోతాడు. నూకరత్నం కూడా తల ఎత్తలేదు.

"యావన్మంది ప్రజలకీ తెలియజెయ్యడమేటనగా! వచ్చే శనివారం సాయంత్రం నాలుగు గంటలకి బోర్డు మీటింగు జరుగుతాది! ఈతతుప్పల బయలు సదును సేసి, కంచె కట్టించి, బెల్లం బళ్ళకి స్టాండు పెట్టడానికి బోర్డువోరు తీర్మానం సేసేరు! మెంబరు నూకరత్నమ్మగారు ప్రతిపాదించేరు! ఎవరికన్నా అబ్యంతరాలుంటే మీటింగుకొచ్చి సెప్పుకోవాల!"

నూకరత్నం చేతిలోంచి రాయి జారి మళ్ళీ బియ్యంలోనే పడింది.

వసారాలో నులకమంచం మీద మోకాళ్ళకి ఆముదం రాసుకుంటున్న అత్తగారు అచ్చియ్యమ్మ చెయ్యి కూడా ఆగిపోయింది.

"ఏటే, నీ పేరే కదే సెప్పేడు?"

"నా పేరే అత్తా."

"నువ్వు మీటింగుకి ఎప్పుడెల్లేవే?"

"నేనెప్పుడెల్లేనత్తా! నీ కళ్ళముందే కదా ఉన్నాను."

ఉంది మరి. మీటింగు రోజున ఆవిడ ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు. పొయ్యి దగ్గరుంటుంది. నాలుగయ్యేసరికి బేసిన్ నిండా అరటికాయ బజ్జీలూ, పెద్ద క్యాను నిండా కాఫీ బోర్డు ఆఫీసుకి వెళ్ళాలి. రెండేళ్ళ క్రితం చోడవరం బోర్డులో ఒక ఆడమనిషి ఉండాలని పైనుంచి కాగితం వచ్చింది. అంతకు ముందే ఎన్నికల్లో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయి, పది రోజులు గడ్డం గీసుకోకుండా తిరిగిన మనిషి ఆవిడ మొగుడు గణపతిరావు. కాగితం వచ్చిన రోజు మాత్రం నున్నగా గీసుకుని, నవ్వుతూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ప్రెసిడెంటు గారు నీ పేరు రాసేసేరు. బయటోళ్ళనెవరినో తెచ్చి పెట్టుకోడం ఎందుకూ అన్నారు. నువ్వు గాబరా పడకు. నువ్వేటీ సెయ్యక్కర్లేదు." ఆవిడకి గాబరా కలగలేదు, సంతోషమే కలిగింది. రావికమతంలో పుట్టింట్లో ఉండగా అయిదో తరగతి దాకా చదివింది. మేష్టారు బోర్డు మీద రాయమంటే లేచి వెళ్ళి రాసేది. మళ్ళీ ఇన్నాళ్ళకి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టనిపించింది. "మరి నేనేటి సెయ్యాలండీ?" అని అడిగింది. "సంతకం వచ్చు కదా? అదే" అన్నాడు. అన్నాక ఆయనే నవ్వుకున్నాడు.

ఆ రోజు నుంచీ బోర్డు ఆఫీసులో ఆవిడ కుర్చీలో ఆయన కూర్చుంటున్నాడు. ఊళ్ళో ఆయన్నే మెంబరుగారూ అంటున్నారు. మీటింగు అయిన మర్నాడో, ఆ మర్నాడో దాసు మినిట్సు పుస్తకం చంకలో పెట్టుకుని వస్తాడు. హాజరైన సభ్యులు అని ఉన్న చోట ఆవిడ చెయ్యి తుడుచుకుని సంతకం పెడుతుంది. పుస్తకం మీద నూనె మరక పడకుండా జాగ్రత్తగా పెడుతుంది. ఏం రాశారో ఎప్పుడూ చదవలేదు. చదవకూడదని ఎవరూ అనలేదు. కాకపోతే దాసు వేలు పెట్టి చూపించే చోటు పేజీకి అడుగున ఉంటుంది, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది.

ఈతతుప్పల బయలంటే ఏమిటో చెప్పాలి. పెద్దవీధి చివర, సంత జరిగే చోటు దాటాక, మనిషెత్తు ఈతతుప్పలు పెరిగిన రెండెకరాల జాగా. తెల్లవారకముందూ, దీపాలు పెట్టే వేళా ఊళ్ళో ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని వెళ్ళే చోటు అదే. ఏ ఇంట్లోనూ ఇంకో చోటు లేదు. మగవాళ్ళకి గట్లున్నాయి, గోడలున్నాయి, పగలుంది. ఆడవాళ్ళకి ఆ తుప్పలూ, ఆ రెండు చీకట్లూ ఉన్నాయి. మధ్యలో కడుపునొప్పి వస్తే పళ్ళు బిగబట్టుకోవడమే. ఎండల్లో కూడా నీళ్ళు తక్కువ తాగడం వాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ సాయంత్రం నూకరత్నం వెళ్ళేసరికి తుప్పల దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఎప్పుడూ గలగలమని మాట్లాడుకునేవాళ్ళు ఆవిడని చూసి నోళ్ళు మూశారు. ఇంటింటా వడ్లు దంచే సన్యాసమ్మ మాత్రం ఊరుకునే రకం కాదు.

"రా తల్లీ, రా. కానియ్. మరెన్నాళ్ళులే, నీ బళ్ళొచ్చేదాకానే కదా."

"సన్యాసమ్మా, నాకు తెలీదు. నిజంగా నాకేటీ తెలీదు."

"తెలీకుండానే పేరు డప్పుకెక్కిందేటి? మరి నా పేరెక్కనేదే?" సన్యాసమ్మ గొంతులో వేళాకోళం అంతలోనే పోయింది. "మా పెద్దకోడలికి తొమ్మిదో నెల. ఇకమీదట కోటపాడు రోడ్డంట మైలు నడిపించమంటావేటమ్మా? బళ్ళోళ్ళు లాంతర్లు ఎత్తి మరీ సూస్తారు. నువ్వూ ఆడకూతురివే కదా. నీ నోటితో ఎలగన్నావే ఆ మాట?"

అనలేదని ఇంకోసారి చెప్పబోయి ఊరుకుంది నూకరత్నం. ఏమని చెప్తుంది? రెండేళ్ళుగా ప్రతి కాగితం మీదా ఆవిడ చేతిరాత ఉంది. అనలేదు కానీ, అనుకోనిచ్చింది. తిరిగి వస్తూ ఎప్పుడూ కలిసి నడిచేవాళ్ళు ఆ రోజు నాలుగడుగులు ముందు నడిచారు. అంత చిన్న ఎడం అంత బరువుగా ఉంటుందని ఆవిడకి తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ అడిగింది.

"ఏటండీ, ఆ స్టాండు మాటకి నా పేరెందుకు రాయించేరు?"

"దానికేటి?" గణపతిరావు పప్పు కలుపుకుంటున్నాడు. "ఎవడో ఒక మెంబరు పేరు రాయాలి కదా. బంగార్రాజు పేరు రాస్తే పెదబాబుకి మంట, పెదబాబు పేరు రాస్తే బంగార్రాజుకి మంట. స్టాండు వేలంపాట ఇద్దరికీ కావాల. నీ పేరైతే ఎవడికీ పేచీ లేదు. గుమస్తా ఎప్పుడూ అలగే రాస్తాడు. తగువొచ్చే తీర్మానాలన్నీ నీ పేరు మీదే ఉన్నాయి."

ఆవిడ గరిట గిన్నెలో పెట్టేసింది. "అక్కడికి ఆడోళ్ళు ఎల్తారు కదండీ."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "అన్నం తింటన్నప్పుడు ఆ మాటేటే?"

"మరెప్పుడు సెప్పమంటారు?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడకి అప్పుడే తట్టింది, ఆ మాటకి వేళంటూ లేదని. తినేటప్పుడు చెప్పకూడదు. పదిమందిలో చెప్పకూడదు. మొగుడితో ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే రోత. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నా, తలనొప్పి అని చెప్పి పడుకోవాలి. "మీటింగులో ఎవరికీ గుర్తు రానేదా?" అని మళ్ళీ అడిగింది. "గుర్తు రాకేటి? పెద్దమనుషులు కూకున్న చోట అది నోటితో అనే మాటా? ఎవరూ ఎత్తనేదు" అన్నాడు. ఎత్తకపోవడం మర్యాద అన్నట్టు చెప్పి, మజ్జిగ పొయ్యమన్నాడు. పోసింది.

గురువారం ఆయన బెల్లం పని మీద అనకాపల్లి వెళ్ళాడు. దాసు నోటీసు పట్టుకుని వచ్చాడు. పనిలో పనిగా మినిట్సు పుస్తకం కూడా తెచ్చాడు. "కిందటి మీటింగుకి మీ సంతకం పడనేదమ్మగారూ" అంటూ పేజీకి అడుగున వేలు పెట్టాడు.

నూకరత్నం వేలు పైకి జరిపి పేజీ మొదటి నుంచి చదివింది. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. అయినా కదల్లేదు. "సంతబయలునకు తూర్పున ఎవరికినీ ఉపయోగము లేక పడియున్న జాగాను బండ్ల స్టాండుగా మార్చవలెనని శ్రీమతి నూకరత్నమ్మగారు ప్రతిపాదించగా, సభ్యులెల్లరు ఏకగ్రీవముగా ఆమోదించిరి." రెండుసార్లు చదివింది. ఎవరికినీ. ఆ ఎవరిలో ఎవరున్నారు? తెల్లవారుజామున తుప్పల్లో ముళ్ళు గుచ్చుకున్న కాళ్ళతో తిరిగొచ్చే తనుంది. సన్యాసమ్మ కోడలుంది. పదహారేళ్ళకి కాపరానికి వచ్చినప్పుడు, మొదటిరోజు దారి చూపించడానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన అత్తగారుంది. ఇంతమందినీ ఒక్క ముక్కలో లేకుండా చేసి, అది చేసింది తనేనని రాశారు. ఆవిడకి ఏడుపు రాలేదు. సంతకం పెట్టిన పాత పేజీలన్నీ ఒకసారి తిరగేసి చూడాలనిపించింది, ఇంకా ఏమేం అన్నానో అని.

"అమ్మగారూ, సంతకం?"

"మీటింగులో పెడతానులే దాసూ."

దాసు తల గోక్కున్నాడు. "మీటింగులోనా? అక్కడ మీకు కుర్చీ ఏదమ్మా? దాంట్లో బాబుగారు కూకుంటారు కదా."

"అయితే ఇంకోటి వెయ్యి."

ఆ రెండు రోజులూ ఆవిడ మాటలు వెతుక్కుంది. నీళ్ళు తోడుతూ, పిడకలు తిప్పుతూ లోపల్లోపల అనుకుని చూసుకుంది. బయలుకెళ్ళడం. చెంబు పట్టుకెళ్ళడం. అవతలికెళ్ళడం. ఆడవాళ్ళకి ఆ పనికి ఎన్ని మాటలున్నా, అన్నీ మగవాళ్ళ చెవిన పడకుండా చెప్పుకోవడానికి పుట్టినవే. తొమ్మిదిమంది మగవాళ్ళ ఎదట నిలబడి చెప్పడానికి ఒక్కటీ పనికిరాదు. అత్తగారికి సంగతి చెబితే ఇంతెత్తున లేచింది. "నీకేటైనా మతిపోయిందేటే? ఆ మాట మగోళ్ళలో అంటే, రేపు వీధిలో ఎలగ తిరుగుతావు? నా కొడుకు మొకం ఎక్కడ పెట్టుకుంటాడు?" అంది. అని, అటు తిరిగి పడుకుంది.

శనివారం రెండయినా నూకరత్నం పొయ్యి వెలిగించలేదు. జడ వేసుకుని, ఉతికిన నేత చీర కట్టుకుని వసారాలోకి వచ్చింది.

"ఏటిది? బజ్జీలేవి?" అన్నాడు గణపతిరావు.

"ఈవేళ నేను మీటింగుకి వస్తన్నానండీ."

"నువ్వొస్తే మరి నేనెక్కడ కూకోవాల?"

ఆ మాట ఆయన నోట్లోంచి తొందరలో జారిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత గొంతు పెంచాడు. పరువన్నాడు, ప్రెసిడెంటు గారు ఏమనుకుంటారన్నాడు, ఇంకెప్పుడైనా చూద్దామన్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ ఉంది.

మంచం మీంచి అచ్చియ్యమ్మ లేచి కూర్చుంది. "ఒరే, ఎల్లనీరా."

"నువ్వు కూడానేటమ్మా?"

"ఈ మోకాళ్ళతో మైలు నడిసి నేనెల్లగలనేటి? నువ్వు నన్ను బండి మీద తోలుకెల్తావేటి, రోజుకి రెండుసార్లు?" కొడుకు తలదించుకున్నాడు. ముసలావిడ కోడలి వైపు తిరిగింది. "ఒసే పిల్లా, సెప్పేటప్పుడు నేల సూడకు."

బోర్డు ఆఫీసులో ఆవిడ అడుగు పెట్టేసరికి చుట్టలు ఆరిపోయాయి. కొందరు సగం లేచి, లేవాలో అక్కర్లేదో తెలీక మళ్ళీ కూర్చున్నారు. దాసు గుమ్మం పక్కన ముక్కాలి పీట వేశాడు. ఆవిడ దాని మీద కాక, బల్ల దగ్గర ఖాళీగా ఉన్న తన కుర్చీలో కూర్చుంది. గణపతిరావు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కిటికీ అవతల సందులో సన్యాసమ్మా, ఇంకో ఆరేడుగురూ నీళ్ళకి వచ్చినట్టు బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అభ్యంతరాలు చెప్పుకోమని డప్పు వేసింది నిజమే కానీ, ఆ గడప వాళ్ళెవరూ ఎప్పుడూ తొక్కలేదు.

"రండమ్మా, రండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "సంతకానికి ఇంత దూరం రావాలా? పుస్తకం ఇంటికే పంపేవోళ్ళం కదా."

రోడ్డు దీపాల సంగతి అయింది, సంత వేలంపాట సంగతి అయింది. గుమస్తా మూడో తీర్మానం చదివాడు.

"స్టాండు మీద అభ్యంతరాలేటీ లేవు కదా?" అని ప్రెసిడెంటు గారే అనేసి, ఖాయం చేసుకోమన్నట్టు గుమస్తా వైపు చెయ్యి ఊపారు.

"నాకున్నాయి" అంది నూకరత్నం. లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"ప్రతిపాదన మీదే కదమ్మా!" అన్నాడు బంగార్రాజు. అందరూ నవ్వారు.

"నేను సెయ్యనేదు బాబూ. ఆవేళ నేను మా ఇంట్లో ఉన్నాను."

నవ్వు ఆగింది. గుమస్తా కలం వైపు చూసుకున్నాడు. ప్రెసిడెంటు గారు ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "పోనీ, ఇప్పుడు సెప్పండి, ఇబ్బందేటి? ముళ్ళతుప్పలు. ఎవరికీ ఉపయోగం లేని జాగా. అటేపు ఎవరెల్తారమ్మా?"

ఆయనకి తెలుసు. బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు. తెలిసి కూడా అంత ధీమాగా అడిగారంటే, ఆ మాట అనే ఆడది ఊళ్ళో లేదన్న నమ్మకం. నూకరత్నం గుమ్మం వైపు చూసింది. మొగుడు వద్దన్నట్టు మెల్లగా తల ఊపుతున్నాడు. 'ఊళ్ళో ఆడవాళ్ళు' అని మొదలుపెట్టాలని ఇంటి దగ్గర అనుకుంది. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా. అలా అంటే ఏ ఆడవాళ్ళు అంటారు, కూలీ జనాలేనా అంటారు, చూద్దామంటారు. ఆవిడ నేల వైపు చూడలేదు.

"నేనెల్తాను" అంది. "రోజూ, రెండు పూటలా. మీ ఇంటావిడా నేనూ కలిసే ఎల్తాం, ప్రెసిడెంటు గారూ. ఈవేళ పొద్దున్న కూడా ఎల్లేం."